గాజుపలకపై వ్రాత



మహానంది కోనేటి నీరు ఎంత తేటగా నుండునో నంద్యాల ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. అడుగున బడిన నాణెము సైతము స్పష్టముగా గనబడును. అయితే ఆ నీటి మీదనే యొక జాబు వ్రాసియున్నదనుకొనుడు. క్రిందనున్న రాళ్లును, పైన మెఱయు ఎండయు, స్నానము చేయువారి నీడలును అక్షరములతో గలిసిపోవును. చూచుటకు తేటదనము గుణము. చదువుటకు అదియే దోషము.

నేడు మన చేతులలోని ఫోనులకు వచ్చిన చిక్కు ఇట్టిదే. అమెరికాలోని ఆపిల్ సంస్థవారు 2025 జూన్ 9వ తేదీన తమ యంత్రముల తెరలకు “లిక్విడ్ గ్లాస్” అను క్రొత్త వేషమును ప్రకటించిరి. కరగిన గాజు అని చెప్పుకొనవచ్చును. సెప్టెంబరు 15న అది ఐఫోనులలోనికి వచ్చినది. మీటలు, పట్టీలు, వార్త వచ్చినదని తెలుపు చీటీలు గాజుముక్కలవలె నగుపడి, వెనుకనున్న బొమ్మ వానిగుండ గనబడసాగెను. మనుమరాలి ఫొటోను తెరపై నుంచుకొన్న తాతకు, ఆమె తెల్లగౌను మీదనే తెల్లని అక్షరములు వచ్చి వ్రాలెను. చదువలేకున్నామని పలుదేశములవారు మొఱపెట్టిరి. నవంబరు 3న వెలువడిన 26.1 సవరణలో, గాజును కొంత దట్టము చేసికొను వీలును సంస్థవారు కల్పించిరి. ఈ సొగసు క్రొత్తదియు గాదు. 2007లో విండోస్ విస్టాయు, 2013లో ఐఫోనుల ఐఓఎస్ 7యు గాజుతెరలనే చూపినవి. అప్పుడును కన్నులు నొచ్చినవారు కలరు.

ఆళ్లగడ్డలో రాతిపని తరతరములుగా సాగుచున్నది. రాతిపై పేరు చెక్కు పనివాడు మొదట ఫలకమును చదును చేయును. నేల అంతయు నొక్కటే వన్నె. చెక్కిన గాడిలో నీడ నిలుచును, లేదా రంగు నింపబడును. నేలకును అక్షరమునకును భేదముండుటచేతనే చదువరికి శ్రమ లేదు. తెరలకు సైతము ఇట్టి కొలత యున్నది. డబ్ల్యూ త్రీ సీ అను అంతర్జాతీయ సంఘమువారు 2008లో ప్రకటించిన నియమముల ప్రకారము, మామూలు పరిమాణముగల అక్షరమునకును దాని వెనుక వన్నెకును వెలుగులో కనీసము 4.5కు 1 భేదముండవలెను. తెల్లని తెరపై నల్లని అక్షరమైనచో అది 21కి 1. గాజుపట్టీకి ఏ లెక్క చెప్పుదురు? వ్రేలితో తెరను జరిపినంతనే వెనుక నేల మాఱిపోవుచుండును.

వయసు మీఱిన కన్నులకు ఈ భేదము మఱియు హెచ్చుగా గావలెను. కంటిలోని కటకము పసుపువాఱును, కనుపాప రంధ్రము చిన్నదగును, లోనికి బోవు వెలుగు తగ్గును. తెలుగు లిపిలో ప, వ, ష లకు నడుమ భేదము చిన్న గీటు మాత్రమే. వత్తులు క్రిందుగా సన్నముగా నుండును. బ్యాంకు పంపిన చీటీలో ఉన్నది 3 యో 8 యో తెలియక, పెద్దలు దానిని ఇతరులచేత చదివించుకొనవలసి వచ్చును. తమ సొమ్ము లెక్క తాము చూచుకొనలేని స్థితి యిది. “తాతకు ఫోను రాదు” అని యింటివారు నవ్వుదురు గాని, రానిది తాతకు గాదు. తెరను దిద్దిన వారికి వృద్ధుల కన్ను గుర్తునకు రాలేదు.

ఉపాయము గలదు. ఐఫోనులో “సెట్టింగ్స్” తెఱచి, “యాక్సెసిబిలిటీ”, అందులో “డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్” అను చోటికి బోయి, “రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ” అను మీటను నొక్కవలెను. గాజు చాలవఱకు దట్టమగును. దాని దాపుననే “ఇన్‌క్రీజ్ కాంట్రాస్ట్” అను మీటయు నున్నది. ఆండ్రాయిడ్ ఫోనులలో పేర్లు కొంత మాఱును గాని, “యాక్సెసిబిలిటీ”లోనే అక్షరమును పెద్దదిగాను ముదురుగాను జేయు మీటలుండును. వీనికన్న సులభమైన పని మఱొకటి: తెరవెనుక బొమ్మను తీసివైచి, ఒకే ముదురు రంగు నుంచుకొనుట. మనుమరాలి ఫొటోను గ్యాలరీలో తెఱచి నిండుతెరగా జూచుకొనవచ్చును. అచ్చట అక్షరములు అడ్డము రావు.