పిగిలిపిట్ట సంసారం

పొద్దున్నే నందివర్ధనం చెట్టు మీద గొడవ చేసే ఆ పిట్టేంటి తాతా అని అడిగావు కదా బిడ్డా. దాన్ని పిగిలిపిట్ట అంటారు, బుల్‌బుల్ అన్నా అదే. సంగారెడ్డిలో, పటాన్‌చెరులో, రామచంద్రాపురం కాలనీల్లో పిచ్చుక కనపడని ఇంటి దగ్గర కూడా ఇది కనపడుతుంది. ఫ్యాక్టరీ గేటు పక్కన నాలుగు పొదలున్నా చాలు, సంసారం పెట్టేస్తుంది.

జానెడు పిట్ట, కొలిస్తే 20 సెంటీమీటర్లు. నల్లటి తల, దాని మీద చిన్న జుట్టు. ఎగిరేటప్పుడు చూడు, నడుము మీద తెల్లమచ్చ, తోక చివర తెలుపు. తోక మొదట్లో అడుగునేమో కుంకుమ భరిణ మీద కూచుని లేచినట్టు ఎర్రగా ఉంటుంది. ఆడా మగా ఒక్క తీరే. ఏది అమ్మ, ఏది నాన్న అంటే నేను చెప్పలేను. పాట విషయానికొస్తే, నిజం చెప్పాలంటే కోయిలకి సరిరాదు. కానీ పిల్లి కనపడితే అది పెట్టే అరుపుకి పక్కనున్న పిట్టలూ జాగ్రత్త పడతాయి.

పండంటే దానికి ప్రాణం. మన సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రంలో కోహీర్ జామని అలహాబాద్ సఫేదాతో కలిపి కోహీర్ సఫేదా అనే రకం తీశారు. ఎవరి కోసం తీశారో గానీ, పెరట్లో మాగిన జామకాయని మనకన్నా ముందు పొడిచేది ఇదే. తప్పు పట్టకు. విటమిన్ సి చాలా జంతువుల ఒంట్లోనే తయారవుతుంది, మేకకి ఉసిరికాయతో పనిలేదు. మనకా శక్తి లేదు. పిగిలిపిట్టకీ లేదు! తిండిలోంచే రావాలి. పండ్లతో పాటు పురుగులు, పూరేకులు, ఒక్కోసారి బల్లి కూడా తింటుంది.

మింగిన గింజలు ఎక్కడో రెట్టతో పడి మొలుస్తాయి. గట్టు మీద కలివి పండ్ల పొద లేచిందంటే నాటింది ఇదే కావచ్చు. లాంటానా కంపని పంచేదీ ఇదే. సముద్రం దాటించాక ఈ గుణమే కొంప ముంచింది. 1903 ప్రాంతంలో భారతదేశపు కూలీల వెంట ఫిజీకి చేరిందంటారు. మద్రాసు రేవు నుంచి తెలుగువాళ్లు చెరకు తోటల పనికి ఆ దీవులకు ఓడెక్కడం మొదలైందీ ఆ ఏడాదే. తాహితిలో మికోనియా అనే కలుపు చెట్టుని కొండలెక్కించింది, హవాయిలో ఆర్కిడ్ పూలు కొరికి రైతుల్ని ఏడిపించింది. ఇప్పుడు ప్రపంచంలోని 100 చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో దీని పేరుంది. నేనైతే పిట్టని తిట్టను, పంజరంలో పెట్టి పట్టుకెళ్లినవాణ్ణి తిడతాను.

ప్రహరీ పక్కన కాగితంపూల పొదలో గూడు చూపించాను, గుర్తుందా? సన్నపుల్లలు, వేళ్లు, ఎండాకులు. అవి విడిపోకుండా చుట్టూ సాలీడు దారం. మధ్యలో నీలం ప్లాస్టిక్ పోగొకటి మెరిసింది చూడు, అది పాశమైలారం వైపు పోయే లారీల బస్తా తాడుదే అయ్యుంటుంది. లోపల రెండో మూడో గుడ్లు, లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలు. రెండు వారాలు పొదిగితే పిల్లలొస్తాయి. ఇక తల్లికీ తండ్రికీ తీరికుండదు. పురుగు తెచ్చి నోట్లో పెట్టడం, పిల్ల రెట్ట వేసేదాకా ఆగి దాన్ని మింగెయ్యడం. పిల్లలు కాస్త ఎదిగాక రెట్టని ముక్కున కరుచుకుపోయి దూరంగా పడేస్తాయి. ఛీ అనకు, గూడు శుభ్రంగా ఉండాలి కదా. రోజూ తిరిగే బస్సులోనే గూడు కట్టిన జంట కూడా ఉందట, మనిషంటే అంత ధీమా.

మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇవి గుడ్లు పెట్టే కాలం. మనం పొదలు కత్తిరించేదీ సరిగ్గా అప్పుడే. మీ నాన్నకి చెప్పు, ఆ కాగితంపూల పొద జోలికి దసరా అయ్యేదాకా వెళ్లొద్దని.