మీకు తెలుసా? ర్యామ్ ఉన్నా కనిపించదు!

లైనక్స్ ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ వేసినా 3 జీబీ పైచిలుకే కనిపిస్తోందా? ర్యామ్ పాడైందని కంగారు పడకండి. మీది 32 బిట్ లైనక్స్ కావచ్చు. 32 బిట్ల మెమరీ చిరునామాలు 4 జీబీ వరకే సరిపోతాయి. అందులోనూ గ్రాఫిక్స్, ఇతర పరికరాలకు వాటా పోతుంది. 1995లో పెంటియం ప్రో ప్రాసెసర్‌తో వచ్చిన పీఏఈ (ఫిజికల్ అడ్రస్ ఎక్స్‌టెన్షన్) పద్ధతి ఈ హద్దును 64 జీబీకి పెంచింది. 64 బిట్ లైనక్స్‌కు ఆ 4 జీబీ హద్దు లేదు.

• ‘ఫ్రీ’ కమాండ్ లైనక్స్ కెర్నల్ వాడుకోగల ర్యామ్‌ను చూపుతుంది. ‘డీఎంఐడీకోడ్’ ఏ స్లాట్‌లో ఎంత ఉందో చెబుతుంది.

• బయోస్‌లోనే తక్కువ చూపిస్తే తప్పు లైనక్స్‌ది కాదు. ఛార్జర్, బ్యాటరీ తీసేసి ర్యామ్‌ను మళ్లీ బిగించి చూడండి.

• ప్రతి మదర్‌బోర్డుకూ ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. కొత్త ర్యామ్ కొనేముందే అది చూసుకోండి.