యంత్రం ఒకటే, వాడేవాళ్లు ముప్ఫైమంది

1950ల చివర్లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో ప్రోగ్రాం రాసినవాళ్లు దాన్ని పంచ్ కార్డుల కట్టగా ఆపరేటర్ల చేతికిచ్చి వెళ్లిపోవాల్సిందే. ఫలితం గంటల తర్వాతో, మర్నాడో వచ్చేది. తీరా చూస్తే ఎక్కడో కామా తప్పిపోయుండేది. మళ్లీ కార్డులు, మళ్లీ పడిగాపులు. లక్షల డాలర్ల యంత్రం ఊరికే ఉండకూడదని మనుషుల్ని ఊరికే కూర్చోబెట్టిన కాలం అది.

యంత్రాన్ని అందరికీ ఒకేసారి అందించవచ్చని అక్కడి జాన్ మెకార్తీ 1959లో కాగితం మీద పెట్టాడు. 1961 నవంబరులో ఫెర్నాండో కార్బటో బృందం దాన్ని చేసి చూపింది. సీటీఎస్‌ఎస్ అనే వాళ్ల వ్యవస్థ మొదట నాలుగు టెర్మినళ్లతో నడిచింది. తర్వాత ఐబీఎమ్ 7094 మీద సుమారు ముప్ఫైమంది ఒకేసారి పనిచేసుకునేవారు.

నిజానికి ఏ క్షణాన చూసినా అక్కడ నడిచేది ఒక్కరి పనే. మనిషి ఒక అక్షరం కొట్టి రెండోది వెతుక్కునేలోపు యంత్రం వేల లెక్కలు చేయగలదు. ఆ సందులన్నీ ఏరి మిగతావాళ్లకు పంచడమే కిటుకు. యంత్రంలో 32,768 పదాల చొప్పున రెండు మెమరీలు. ఒకటి పెత్తనం చేసే ప్రోగ్రాంది, రెండోది వాడేవాళ్లది. గడియారం సైగ చేయగానే పెత్తందారు ఒకరి ప్రోగ్రాంను బయటికి పంపి, ఇంకొకరిది లోపలికి తెస్తాడు. చిన్న పనికి చప్పున వంతు వస్తుంది. తెమలని పని వరసలో వెనక్కి పోతుంది, కానీ ఈసారి దొరికే వ్యవధి రెట్టింపు. ఎంత న్యాయమైన లెక్క!

వంతులున్నచోట ఏ వంతు ఎవరిదో తేల్చాలి కదా, అందుకే పాస్‌వర్డులు వచ్చాయి. కాలువ నీళ్లకు వంతులు పెట్టిన ఊళ్లో రాత్రిపూట గండికొట్టేవాడు ఉన్నట్టే ఇక్కడా ఒకడున్నాడు. వారానికి 4 గంటల వాటా చాలక పరిశోధక విద్యార్థి ఆలన్ షెర్ 1962లో పాస్‌వర్డుల ఫైలునే అచ్చు వేయించుకున్నాడు. ఆ సంగతి పాతికేళ్లకు గానీ బయటపెట్టలేదు.

ఇంకో ఉదంతం నాకు మరీ ఇష్టం. ఒక ఎడిటర్ ప్రోగ్రాం తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. ఒక డైరెక్టరీలో ఒక్కరే పనిచేస్తారన్నది దాన్ని రాసినవాళ్ల నమ్మకం. ఒకరోజు ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి కూర్చున్నారు. ఒకరు ఆనాటి ప్రకటన దిద్దుతున్నారు, ఇంకొకరు పాస్‌వర్డుల జాబితా. రెండూ తారుమారయ్యాయి. ఆపైన లాగిన్ అయిన ప్రతివాళ్లకూ ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ టకటకా అచ్చయ్యాయి!

తర్వాత ఐబీఎమ్ పద్ధతి మార్చింది: ఒక్కొక్కరికీ ఏకంగా ఒక నకిలీ కంప్యూటరే ఇచ్చింది. 1972 నాటి వీఎమ్/370 అలాంటిదే. నేటి క్లౌడ్ సర్వర్లూ ఆ బాటలోనివే. ఒక్క పెట్టెలో బ్యాంకూ ఉంటుంది, ఆటల కంపెనీ కూడా ఉంటుంది.

వాళ్ల మధ్య గోడలు గట్టివేనా? ప్రాసెసర్లు వేగం కోసం ముందే ఊహించి చేసే పనుల జాడలు క్యాష్ అనే చిన్న మెమరీలో మిగిలిపోతాయనీ, వాటి ఆధారంగా తనది కాని మెమరీని ఒక ప్రోగ్రాం చదవగలదనీ 2018 జనవరిలో బయటపడింది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని ఈ లోపాలకు పేర్లు పెట్టారు. లోపం చిప్ రూపకల్పనలోనే ఉండటంతో మరమ్మతు కూడా పూర్తిగా కుదరలేదు. కొన్ని పనుల్లో వేగం వదులుకుని సరిపెట్టుకున్నారు. పొరుగువాళ్లు అసలు లేని సర్వరు కావాలంటే క్లౌడ్ సంస్థలు అదీ ఇస్తాయి. అద్దె మాత్రం ఎక్కువ.