మీకు తెలుసా? ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ తొలి గేమ్‌లో అప్పటి ఛాంపియన్ కింగ్‌కు దక్కింది మూడే పాయింట్లు!

1980 మార్చి. లండన్ వెంబ్లీలో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్. ప్రకాశ్ పదుకొణెకు ఎదురుగా ఇండొనేసియా ఆటగాడు లిమ్ స్వీ కింగ్. అంతకుముందు రెండేళ్లూ టైటిల్ అతనిదే. గాల్లోకి ఎగిరి అతను కొట్టే స్మాష్ అంటే అందరికీ హడల్. ప్రకాశ్ ఆ స్మాష్‌కు సందే ఇవ్వలేదు. ఆట వేగం తగ్గించి, షటిల్‌ని నెట్ దగ్గర మెత్తగా జార్చి, మరుక్షణం వెనక గీత దాకా లేపి, కింగ్‌ని ముందుకీ వెనక్కీ తిప్పాడు. స్కోరు 15-3, 15-10. సర్వీస్ చేసినవారికే పాయింటు వచ్చే రోజుల్లో 15-3 అంటే మాటలా! ఆ టైటిల్ గెలిచిన తొలి భారతీయుడు ఆయనే. రెండోవాడు, 21 ఏళ్ల తర్వాత, ప్రకాశ్ దగ్గరే శిక్షణ పొందిన మన పుల్లెల గోపీచంద్. 2001 ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు.