న్యూయార్క్ పెన్షనర్ల వైద్యం: ఆరు నెలల్లో రెండు తీర్పులు

న్యూయార్క్ రాష్ట్రంలో అన్నిటికన్నా పై కోర్టు పేరు కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. నగర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైనవాళ్ల వైద్య బీమా గురించి ఆ కోర్టు ఆరు నెలల తేడాతో రెండు తీర్పులిచ్చింది. 2024 డిసెంబర్‌లో పెన్షనర్లు గెలిచారు. 2025 జూన్‌లో ఓడిపోయారు. నగరం అదే, గొడవా అదే. మొదటి కేసులో పెన్షనర్ల చేతిలో చట్టంలోని ఒక వాక్యం ఉంది. రెండో కేసులో వాళ్లు నమ్ముకున్నది నగరం ఏళ్ల తరబడి పంచిన పుస్తకాల్లోని భరోసాని. కోర్టు చట్టానికి నగరాన్ని కట్టిపడేసింది, భరోసాని మాత్రం జీవితకాల హామీగా ఒప్పుకోలేదు. ముసలితనంలో వైద్యానికి లోటుండదన్న నమ్మకంతో ఉద్యోగకాలమంతా గడిపినవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. అందుకే రిటైరైనవాళ్ల వైద్యాన్ని యూనియన్ల ఒప్పందాలకీ, సర్క్యులర్లకీ, ఆనవాయితీకీ వదిలేయకుండా చట్టంలోనే రాసిపెట్టాలని నా వాదన. ఒప్పందం కుదిరే గదిలో వాళ్లకు కుర్చీ ఉండదు కాబట్టి.

ముందు వాళ్లకు ఉన్నదేమిటో చూద్దాం. అమెరికాలో 65 ఏళ్లు నిండినవాళ్లకు కేంద్ర ప్రభుత్వం మెడికేర్ కింద వైద్యం అందిస్తుంది. 1965లో మొదలైన ఈ పథకంలో డాక్టర్ల బిల్లుల్లో సుమారు 80 శాతం ప్రభుత్వం కడుతుంది, మిగతా 20 శాతం రోగి మీద పడుతుంది. క్యాన్సర్ లాంటి జబ్బు వస్తే ఆ 20 శాతమే ఇల్లు గుల్ల చేస్తుంది. దాన్ని పూడ్చే అనుబంధ బీమాని న్యూయార్క్ నగరం తన పెన్షనర్లకు ఉచితంగా ఇస్తూ వచ్చింది. అందులో ఎక్కువమంది తీసుకున్న పథకం పేరు సీనియర్ కేర్. మెడికేర్‌ను అంగీకరించే ఏ డాక్టర్ దగ్గరికైనా, దేశంలో ఎక్కడున్నా, ఎవరి అనుమతీ అడగకుండా వెళ్లొచ్చు. ఇలా లబ్ధి పొందేవాళ్లు కుటుంబ సభ్యులతో కలిపి సుమారు 2.5 లక్షల మంది. టీచర్లు, చెత్త ఎత్తే కార్మికులు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సుల్లో పనిచేసినవాళ్లు, ఆఫీసు గుమాస్తాలు అందరూ ఉన్నారు ఇందులో. 2001 సెప్టెంబర్ 11 తర్వాత కూలిన భవనాల దుమ్ములో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లూ ఉన్నారు.

దీన్ని మార్చాలన్న ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలిస్తే అసలు సమస్య అర్థమవుతుంది. నగర ఉద్యోగుల యూనియన్లన్నిటికీ మునిసిపల్ లేబర్ కమిటీ అనే ఉమ్మడి వేదిక ఉంది. 2014లో నగరమూ యూనియన్లూ కుదుర్చుకున్న ఒప్పందంలో భాగంగా, ఆరోగ్య బీమా కోసం దాచిన నిధి నుంచి 100 కోట్ల డాలర్లు జీతాల పెంపుకు మళ్లాయి. 2018లో మరో ఒప్పందం చేసుకుని, వైద్య ఖర్చులో ఏటా 60 కోట్ల డాలర్లు ఆదా చేసి చూపిస్తామని యూనియన్లు మాటిచ్చాయి. ఆ మాట నిలబెట్టుకోవడానికి 2021లో కమిటీ ఓటు వేసి, పెన్షనర్లందరినీ మెడికేర్ అడ్వాంటేజ్ అనే ప్రైవేటు కంపెనీల పథకంలోకి మార్చడానికి ఒప్పుకుంది. సీనియర్ కేర్‌లోనే ఉంటామన్నవాళ్లు నెలకు 191 డాలర్లు సొంతంగా కట్టుకోవాలి. అంటే ఏడాదికి మనిషికి 2,292 డాలర్లు, భార్యాభర్తలిద్దరికీ కలిపి 4,584. ఇప్పుడు ఆదా చేస్తామన్న 60 కోట్లను 2.5 లక్షల మందితో భాగించి చూడండి. తలకు 2,400 డాలర్లు వస్తుంది. రెండు అంకెలూ అంత దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం కాదు. నగరం మిగుల్చుకోవాలనుకున్నది ఇన్నాళ్లూ పెన్షనర్ల అనుబంధ బీమాకి కడుతున్న డబ్బునే.

ఆ ఓటింగులో పెన్షనర్లకు ఓటు లేదు. ఇది న్యూయార్క్ ఒక్కదాని లోపం కాదు. సామూహిక బేరానికి సంబంధించిన చట్టం ప్రకారం రిటైరైనవాళ్లు ఉద్యోగుల లెక్కలోకి రారని 1971లోనే అమెరికా సుప్రీంకోర్టు ఒక ప్రైవేటు కంపెనీ కేసులో తేల్చింది. యూనియన్ నాయకుణ్ని ప్రధానంగా ఎన్నుకునేది సర్వీసులో ఉన్నవాళ్లు. వాళ్లకు కావలసింది జీతం పెంపు. ఆ నాయకులు దుర్మార్గులని అననక్కర్లేదు. తమకు ఓటేసే సభ్యులకు మేలు చేయాలని చూశారు, అంతే. కానీ ఆ మేలుకి డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో వాళ్లు గదిలో లేరు. ఉపాధ్యాయ యూనియన్‌లో రిటైరైనవాళ్లకు సొంత విభాగం, ఎన్నిక ఉన్నాయి. 2024లో ఆ ఎన్నికలో అధిష్ఠానం వర్గం ఓడిపోయింది. ఆ వెంటనే యూనియన్ అధ్యక్షుడు మైకేల్ మల్‌గ్రూ కొత్త పథకానికి మద్దతు వెనక్కి తీసుకున్నారు. పెన్షనర్లకు లెక్కలోకి వచ్చే ఓటు ఉన్నచోట ఏం జరుగుతుందో ఇది చెబుతోంది.

మెడికేర్ అడ్వాంటేజ్ అంత చెడ్డదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2024 నాటికి మెడికేర్ అర్హత ఉన్నవాళ్లలో సగానికి పైగా ఆ పథకాల్లోనే ఉన్నారు. ప్రీమియం తక్కువ, కళ్లకూ పళ్లకూ కొంత సదుపాయం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది చాలు. చిక్కు జబ్బు చేసినప్పుడే మొదలవుతుంది. ఆరోగ్యశ్రీ మీదో ఉద్యోగుల హెల్త్ కార్డు మీదో ఆపరేషన్ చేయించుకున్న తెలుగువాళ్లకు ముందస్తు అనుమతి గురించి చెప్పనక్కర్లేదు. ఆసుపత్రి కాగితాలు పంపాలి, అవతలివాళ్లు సరేననాలి, అప్పుడే చికిత్స. అక్కడ ఆ సరే చెప్పాల్సింది లాభం కోసం నడిచే బీమా కంపెనీ. అమెరికా కేంద్ర ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఈ కంపెనీలు నిరాకరించిన ముందస్తు అనుమతుల్లో 13 శాతం మెడికేర్ నిబంధనల ప్రకారం ఇవ్వాల్సినవే. 2022లో నిరాకరణ ఎదురైనవాళ్లలో సుమారు పదిమందిలో ఒక్కరే అప్పీలు చేశారు. చేసినవాళ్లలో 80 శాతానికి పైగా పూర్తిగానో కొంతో గెలిచారు. అంటే అడిగితే ఇచ్చేదాన్ని మొదట కాదంటున్నారన్నమాట. ఎనభై ఏళ్ల మనిషి మంచంలో ఉండి అప్పీలు కాగితాలు రాయగలడా?

పైగా ఆ ఆదా నిజమైన ఆదా కూడా కాదు. మెడికేర్ అడ్వాంటేజ్ కంపెనీలకు కేంద్ర ప్రభుత్వం తలకు ఇంతని డబ్బు కడుతుంది. అవే మనుషులు మామూలు మెడికేర్‌లో ఉంటే అయ్యేదానికన్నా ఇది 22 శాతం ఎక్కువని, 2024లో ఈ అదనపు భారం 8,300 కోట్ల డాలర్లని అమెరికా చట్టసభకు సలహా ఇచ్చే మెడికేర్ కమిషన్ అంచనా వేసింది. నగరం ఖజానాలో మిగిలేది కేంద్రం ఖజానాలోంచి పోతుంది. పన్ను కట్టేవాడు ఒక్కడే, జేబు మారుతుందంతే.

పెన్షనర్లు సంఘం పెట్టుకుని కోర్టుకెళ్లారు. అంబులెన్స్ సర్వీసులో పనిచేసి రిటైరైన మేరియన్ పిజిటోలా దానికి నాయకత్వం వహించారు. వాళ్ల ఆయుధం నగర పాలనా చట్టంలోని 12-126 సెక్షన్. 1967 నుంచీ ఉన్న ఆ సెక్షన్ ప్రకారం ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, వాళ్ల మీద ఆధారపడినవాళ్ల ఆరోగ్య బీమా ఖర్చంతా నగరమే భరించాలి. హద్దు ఒక్కటే, హెచ్‌ఐపీ అనే పథకం ఖరీదుని మించకూడదు. సీనియర్ కేర్ ఆ హద్దుకు లోపలే ఉంది. ఒక ఉచిత పథకం చూపిస్తున్నాం కాబట్టి చట్టం నెరవేరినట్టేనని నగరం వాదించింది. 2022 మార్చిలో జస్టిస్ లైల్ ఫ్రాంక్ ఆ వాదన కుదరదన్నారు. అదే ఏడాది నవంబర్‌లో అప్పీలు కోర్టు, 2024 డిసెంబర్‌లో రాష్ట్ర అత్యున్నత కోర్టు కూడా అదే మాటన్నాయి. మూడు మెట్లలోనూ చట్టం నిలబడింది.

అయితే ఆ తీర్పుల్లో ఒక సందు మిగిలింది. సీనియర్ కేర్ ఇస్తే దానికి డబ్బు వసూలు చేయకూడదు సరే, అసలు ఇవ్వకపోతే? ఆ సందులోంచే నగరం 2023లో ముందుకెళ్లింది. మేయర్ ఎరిక్ ఆడమ్స్ హయాంలో ఏట్నా కంపెనీతో ఒప్పందం చేసుకుని, దాదాపు మిగతా పథకాలన్నీ ఎత్తేసి అందరినీ సెప్టెంబర్ నుంచి అందులోకి మార్చాలనుకుంది. ముందస్తు అనుమతులు చాలా తగ్గించేలా కంపెనీని ఒప్పించామని నగరం చెప్పింది, అది నిజమే. కానీ కంపెనీతో ఒప్పందానికి గడువుంటుంది, పెన్షనర్ జబ్బుకి గడువుండదు. మళ్లీ దావా పడింది. మామూలు మెడికేర్, దాని మీద నగరం ఇచ్చే అనుబంధ బీమా ఉంటాయని ఏటా పుస్తకాల్లో రాశారు, ఆ మాట నమ్మి ఉద్యోగాలు చేశాం, ఇప్పుడు వెనక్కి తీసుకోవడం తగదన్నది వాదన. కింది రెండు కోర్టులూ పెన్షనర్ల వైపే నిలిచాయి. 2025 జూన్‌లో కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ మాత్రం ఒప్పుకోలేదు. ఆ పుస్తకాలు అప్పటికి అమల్లో ఉన్న సదుపాయాన్ని వర్ణించాయే తప్ప, బతికినంతకాలం ఇదే ఇస్తామని స్పష్టంగా మాటివ్వలేదని తేల్చింది.

ఈ తీర్పు బాధ పెడుతుంది, కానీ న్యాయశాస్త్రపరంగా దాన్ని తప్పు పట్టడం కష్టం. ప్రభుత్వం అచ్చేసే ప్రతి కరపుస్తకమూ శాశ్వత హామీ అయితే ఏ ప్రభుత్వమూ పుస్తకం అచ్చేయదు. డెట్రాయిట్ నగరం 2013లో దివాలా తీసినప్పుడు కనబడింది కూడా ఇదే. మిషిగన్ రాజ్యాంగం రక్షించిన పెన్షన్లలో సాధారణ ఉద్యోగులకు కోత 4.5 శాతం, దానితో పాటు కరువు పెంపూ పోయింది. అలాంటి రక్షణ లేని వైద్య సదుపాయాల విషయంలో సుమారు 430 కోట్ల డాలర్ల బాకీకి దక్కింది 45 కోట్ల విలువైన పత్రాలు. అంటే పదోవంతు. దివాలాలో చట్టం కూడా పూర్తిగా కాపాడలేదు నిజమే. కానీ చట్టం అండ ఉన్నదానికీ లేనిదానికీ మధ్య ఉన్న దూరం ఆ రెండు అంకెల్లో ఉంది.

చట్టంలో రాసేస్తే రేపటి ప్రభుత్వం చేతులు కట్టేసినట్టు కాదా, వైద్య ఖర్చు పెరుగుతుంటే యువ ఉద్యోగుల జీతాలూ బడుల ఖర్చూ ఎక్కణ్నుంచి తేవాలి అన్నది పెన్షనర్లకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం. 2025 ఆర్థిక సంవత్సరంలో సుమారు 11,200 కోట్ల డాలర్ల బడ్జెట్ ఉన్న నగరంలో 60 కోట్లు అరశాతం పైచిలుకు. చిన్న మొత్తం కాదు, నగరం నడవడానికి అడ్డుపడే మొత్తమూ కాదు. ఖర్చుకు అసలు మూలం ఆసుపత్రుల ధరలు. వాటి మీద నిఘాకి ఒక కార్యాలయం పెట్టడానికి నగర కౌన్సిల్ 2023లో చట్టం చేసింది, పొదుపు వెతకాల్సింది అక్కడ. ఇక చేతులు కట్టేయడం గురించి చెప్పాలంటే, 12-126లో హద్దు ముందే ఉంది. కౌన్సిల్‌కి అధికారం ఉంది కాబట్టి ఎప్పుడైనా సవరించొచ్చు. 2023 జనవరిలో సవరించమని మేయరూ యూనియన్లూ అడిగారు. బహిరంగ విచారణ జరిగింది, పెన్షనర్లు వచ్చి మాట్లాడారు, కౌన్సిల్ ఓటింగు దాకా తీసుకెళ్లలేదు. చట్టం వల్ల వచ్చే లాభం సరిగ్గా ఇదే. మార్చాలంటే పదిమంది ఎదుట, పేరు రాసుకుని ఓటేయాలి. కరపుస్తకాన్ని మార్చడానికి అవేవీ అక్కర్లేదు.

మన దగ్గర ఈ రక్షణ కొంతవరకు రాజ్యాంగం నుంచి వచ్చింది. పెన్షన్ దయతో వేసే భిక్ష కాదని నకారా కేసులో 1982లో సుప్రీంకోర్టు అంది. కార్మికుల వైద్యం హక్కు సర్వీసు తర్వాత కూడా జీవించే హక్కులో భాగమేనని 1995లో చెప్పింది. జాబితాలో లేని ఆసుపత్రిలో చేరారన్న ఒక్క కారణంతో రిటైర్డ్ ఉద్యోగి బిల్లు తిరస్కరించకూడదని 2018లో శివకాంత్ ఝా కేసులో తీర్పిచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పెన్షనర్లు వాడే హెల్త్ కార్డు పథకం 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది ప్రభుత్వ ఉత్తర్వులతోనే. జీవోతో వచ్చింది జీవోతో మారగలదు. ఏ చికిత్సకు ఎంత, ఏ ఆసుపత్రి లోపల, ఏది బయట అన్న వివరాలు కోర్టు చెప్పిన సూత్రంలో ఉండవు, ఆ ఉత్తర్వుల్లోనే ఉంటాయి.

న్యూయార్క్‌లో జూన్ తీర్పు వచ్చిన వారంలోనే, గెలిచిన నగరమే ఏట్నా పథకాన్ని ఇప్పుడు అమలు చేయబోమని మేయర్ నోట ప్రకటించింది. పెన్షనర్లకు ఊపిరి పోసిన మాటే, కానీ అదీ మాటే. తర్వాతి మేయర్‌ని అది కట్టిపడేయదు. అసలు పథకమే ఇవ్వకపోతే అన్న ఆ సందు మూయడానికి కౌన్సిల్ సభ్యుడు క్రిస్టఫర్ మార్టే 2024లో ఒక బిల్లు పెట్టారు. 2021 డిసెంబర్ 31 నాటికి ఉన్న సదుపాయాలకు తగ్గని అనుబంధ బీమా పథకం ఒక్కటైనా పెన్షనర్లకు నగరం ఇవ్వాలన్నదే అందులో ఉన్న షరతు. 1967లో ఖర్చు ఎవరిదో రాసిన చట్టం, దేనికి ఖర్చో రాయడం మరిచిపోయింది. ఆ బిల్లు చేర్చమన్నది ఆ ఒక్క వాక్యాన్నే.