వెలుపలి కొయ్యపని – వాననీటికి దారి

గ్రామమున పఠనమందిరమునకో, విడిదిగదికో చెక్కపలకలతో గోడలు కట్టించినప్పుడు, నాలుగు వర్షాకాలములు గడువకమునుపే కిటికీ అడుగుబద్ద మెత్తబడుటయు, పలకలు వంకరలు తిరుగుటయు సంభవించుచుండును. అప్పుడు కలపను నిందించుట పరిపాటి. కాని పెక్కుచోట్ల దోషము కలపది కాదు. చొచ్చిన నీరు వెలుపలికి పోవుటకు దారి విడువకపోవుటయే దోషము. పంచాయతీ సొమ్ము గ్రామప్రజల సొమ్ము గనుక సభ్యులు ఈ పని మర్మమును ఎరిగియుండుట అవసరము.

కొయ్యను కుళ్లజేయునది ఒక జాతి బూజు. తడి లేనిచో అది పెరుగజాలదు. కొయ్యలోని తేమ, దాని పొడి బరువులో నూటికి 20 వంతులు మించనంతవరకు కుళ్లు భయము అంతగా లేదు. కావున కొయ్య తడియకుండ చూచుటయే గాక, తడిసినది త్వరగా ఆరునట్లు చేయవలెను.

బాగుగా ఆరిన టేకు, వేగిస వంటి కలపలో చేవభాగమునే ఎన్నుకొనవలెను. వెలుపలి తెల్లచెక్కను చెదలు సులభముగా తినివేయును. పచ్చికొయ్య ఆరునప్పుడు పొడవున అంతగా తగ్గదు గాని వెడల్పున కుదించుకొనిపోవును. పలకల నడుమ సందులు ఏర్పడుటకు కారణమిదియే.

పలకలను గోడకు నేరుగా అంటించి కొట్టరాదు. మొదట నిలువు బద్దలు కొట్టి, వానిపై పలకలు బిగించిన, వెనుక గాలి ఆడును. పని క్రిందినుండి ప్రారంభింపవలెను. పెంకులు పేర్చినట్లు పై పలక క్రిందిదానిపై కనీసము 25 మిల్లీమీటర్లు కప్పవలెను. మేకు పై పలకను మాత్రమే పట్టవలెను. క్రింది పలక అంచులోనికి దిగినచో ఉబ్బుటకు ఎడము లేక పలక చీలును. మేకులు జింకుపూతవై యుండవలెను. అడుగు పలక నేలకు జానెడు ఎత్తున నుండవలెను. కోసిన కొనలు నీటిని ఎక్కువగా పీల్చును. వానికి బిగించుటకు ముందే రంగు పూయవలెను.

కిటికీ పైభాగమున జింకురేకును వంచి, దాని పై అంచును పలకల వెనుకకు దూర్చవలెను. రేకు ముందంచు వద్ద సందును లప్పముతో మూయరాదు. మూసిన నీరు లోపలనే నిలుచును. అడుగుబద్ద వెలుపలికి వాలి, గోడను దాటి ముందుకు వచ్చి, అడుగున ఒక గాడి కలిగియుండవలెను. నీరు గోడకు ప్రాకక ఆ గాడి వద్దనే బొట్లుగా రాలును.

కలపకు మందు ఎక్కించు పద్ధతియు కలదు. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయమున శొంఠి కామేశం గారు రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణముల మందును కనిపెట్టిరి. అది ప్రపంచమంతట వ్యాపించినది. అయితే ఆర్సెనిక్ విషమగుటచే, అమెరికాలో ఇండ్లకు వాడు కలపకు ఆ మందు ఎక్కించుట 2003 చివరితో నిలిపివేయబడినది. అట్టి కలప పిల్లల చేతులు తగులు చోట వలదు. దాని పేళ్లను పొయ్యిలో పెట్టరాదు.

తుది బిల్లు చెల్లించుటకు మునుపు సభ్యులు ఒక పరీక్ష చేయవచ్చును. కిటికీ పైనున్న పలకల మీద బిందెడు నీరు పోయించి, లోపల నిలిచి చూడవలెను. లోపల తడి కనబడక, నీరంతయు అడుగుబద్ద అంచు నుండి వెలుపల రాలినచో పని సరిగా జరిగినట్లే. లేనిచో బిల్లునకు ముందే పని సరిదిద్దించుకొనుట మేలు.