మూడో పేరు బలరాం

భారత ఫుట్‌బాల్ మంచి రోజుల గురించి మాట్లాడేవాళ్లు ముగ్గురి పేర్లు చెబుతారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం. మొదటి రెండు పేర్లకు తలూపినవాళ్లు మూడో పేరు దగ్గర ‘ఎవరాయన?’ అంటారు. కలకత్తా దాకా ఎందుకు, ఆయన పుట్టింది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో. మనవాళ్లే ఆ మాట అడిగితే నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: ఫుట్‌బాల్ బెంగాలీల ఆట. మనకేం సంబంధం?

వాస్తవం: 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పును బొంబాయి నుంచి పట్టుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమే భారత జట్టుకూ కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది ఆయన శిక్షణలోనే. ఆ జట్టులో బలరాం ఉన్నారు.

అపోహ: ముగ్గురిలో బలరాం ఒక మెట్టు కిందే.

వాస్తవం: 1960 రోమ్ ఒలింపిక్స్ చూడండి. మొదటి మ్యాచ్ హంగరీతో. వాళ్ల జట్టులో ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్నాడు. తర్వాత 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నది అతనే. ఆ జట్టు చివరికి కాంస్యం గెలుచుకుంది. అలాంటివాళ్ల చేతిలో మనం ఓడింది 1–2 తేడాతో మాత్రమే. మన ఒక్క గోలూ బలరాం కొట్టిందే. పెరూ మీద కొట్టిన గోలు కూడా ఆయనదే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్‌ను 2–0తో ఓడించిన మ్యాచ్‌లోనూ ఆయన గోలుంది. ఆ ఏడు మన జట్టు స్వర్ణం తెచ్చింది. మెట్టు కిందవాడి లెక్కలు ఇలా ఉండవు.

అపోహ: త్వరగా ఆట మానేశారు కాబట్టే జనం మరిచిపోయారు.

వాస్తవం: 1963లో ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను ఆపేసింది. అప్పటికి ముప్పై ఏళ్లయినా నిండలేదు. కానీ చునీ గోస్వామి కూడా 1964లోనే భారత జట్టుకు వీడ్కోలు చెప్పారు కదా! చునీ తర్వాత రంజీల్లో బెంగాల్ క్రికెట్ కెప్టెన్ అయ్యారు. పి.కె. పేరున్న కోచ్ అయ్యారు. ఇద్దరూ జనం కళ్లెదుటే ఉన్నారు. బలరాం కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో ఎక్కువ హడావుడి లేకుండా బతికారు. జనాదరణలో తేడా అక్కడ వచ్చిందని నా నమ్మకం. 1961లో ఆయన కెప్టెన్‌గా ఉన్నప్పుడు కలకత్తా లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ క్లబ్ అభిమానులు మాత్రం ఆయన్ను మరవలేదు.

అపోహ: అంత గొప్పవాడైతే పద్మశ్రీ వచ్చి ఉండేది.

వాస్తవం: చునీకి 1983లో, పి.కె.కి 1990లో వచ్చింది. బలరాంకు 1962లో అర్జున అవార్డు దక్కింది, పద్మశ్రీ దక్కలేదు. అది ఇచ్చేవాళ్ల లోపం.

2023 ఫిబ్రవరి 16న బలరాం కన్నుమూశారు. అమ్ముగూడ మీదుగా వెళ్లేటప్పుడు, పక్కన పిల్లలుంటే వాళ్లకు ఈ పేరు ఒక్కసారి చెప్పండి.